సత్యారావుకి డెబ్భై రెండేళ్లు

నవంబరు 3, ఆదివారం

ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు, అనగా లమ్మడాలోని ఈ మూడో అంతస్తు వాటాలో నివసించు ఇద్దరు మనుషులకును ఒక ముసలి బల్లికిని తెలియజేయడమేమనగా: కిటికీ పక్కనున్న నీలం ప్లాస్టిక్ కుర్చీ నేటినుండి రచయితగారి ఆసనముగా ప్రకటింపబడినది. దానిపై ఉతికిన లుంగీలు ఆరవేయుట నిషిద్ధము. తలుపు కొట్టుకోకుండా రచయితగారి రబ్బరుముక్కను సందున దూర్చుట ద్రోహముగా ఎంచబడును. మాగాయ జాడీలో తడిచెంచా పెట్టినదెవరో కనుగొనుటకు విచారణ సంఘము వేయబడినది. ఆ చెంచా రచయితగారిదేనని తేలినచో సంఘము తక్షణమే రద్దగును. ఇట్లు, మంగరాజు, వయస్సు యాభైనాలుగు, ఏడో క్లాసు తప్పినవాడు, బర్మా బొమ్మల కథల రచయిత, కలంపేరు మోజో, అనగా పిడుగు.

పైకి చదివి వినిపించేను. వీరలక్ష్మి కిందనున్న తన అద్దెపుస్తకాల కొట్టుకి దిగిపోతూ, "పిడుగుగారూ, బొగ్గులైపోనాయి. కరెంటు వొచ్చేది నాలుక్కి. టీ కావాలంతే మీరే పడి పొయ్యి ఎలిగించుకోండి" అంది.

ఆ పైది పొద్దున్న రాసింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. సూరి వచ్చి వెళ్లేడు.

సూరి బొమ్మలేస్తాడు. నాకూ వేస్తాడు, సత్యారావుకీ వేస్తాడు. లైంగ్‌థార్యార్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు ఊరికే రాడు. వచ్చి, నీళ్లు కూడా ముట్టకుండా, గోడమీది కేలండరు చూస్తూ కూచున్నాడు. ఇక్కడ రాసేవాళ్లని సయా అంటారు, అంటే గురువుగారు.

"సయా, ఒక మాట సెప్తాను. కొట్టకండి."

"నిన్నెప్పుడు కొట్టేన్రా?"

"మీరు కొట్టరు. మీ నోరు కొడతాది. ఫోలోన్ నూరో పుస్తకం నా చేతికొచ్చింది. ఎనభై పేజీల మడతలు."

"నేనింకా పంపందే?"

"అదే కదా సయా నాను సెప్తన్నాది."

మడతలంటే మా పని. కాయితాన్ని గళ్లుగా మడిచి, ఏ గడిలో ఎవడు నిలబడాలో, ఏమనాలో పుల్లల మనుషుల్ని గీసి ఇవ్వాలి. బొమ్మ సూరిది, మడత రచయితది. ఆ మడతల్లో దస్తూరీ ఎవరిదిరా అన్నాను. సూరి కేలండరులో డిసెంబరు తిప్పి చూసేడు. "ఊ తిస్సాది" అన్నాడు.

ఊ తిస్సా! మా సత్యారావే. మా వీధివాడే. సత్యమన్న మాటని బర్మాలోకి తిప్పి కలంపేరు పెట్టుకున్నాడు. ఉన్నదొక్కటే సత్యం, అదీ అట్టమీదే.

ఫోలోన్ నావాడు, నేను పుట్టించిన బొమ్మల మనిషి. గుండ్రటి పొట్ట, చిరుగుల బనీను, మూడుచక్రాల సైకా తొక్కుతాడు. వాడి బండెక్కేవన్నీ దయ్యాలే. వాడికి దయ్యాలంటే చచ్చేంత భయం, బేరం పోతుందంటే ఇంకా భయం. పద్నాలుగేళ్లలో తొంభైతొమ్మిది పుస్తకాలు రాసేను. నూరోది మా పబ్లిషరు డా న్వేయీ సత్యారావుకిచ్చింది. బారసాల చేస్తూ తండ్రిని వీధిలో నిలబెట్టినట్టు!

ఆలస్యమైందట. జూన్ నుంచీ ఏమీ ఇవ్వలేదట. ఆలోచిస్తున్నాను కదా. ఆలోచించడం కూడా రాయడమే. వానాకాలంలో కాయితం మెత్తబడుతుంది, మడత నిలవదు. తరవాత కరెంటు లేదు. తరవాత కుర్చీమీద లుంగీలు.

నవంబరు 4

ఏమీ రాయలేదు. ఆలోచించేను.

నవంబరు 5

మా బొమ్మల కథలవాళ్లలో చదువు తక్కువ, మర్యాద ఎక్కువ. ఒకడు పుట్టించిన మనిషిని ఇంకొకడు రాయాలంటే గడో పళ్లెం పట్టుకుని అతని గుమ్మంలోకి వెళ్లాలి. మధ్యన తొడిమ ఊడని కొబ్బరికాయ, చుట్టూ మూడు అరటి హస్తాలు. బర్మావాళ్లు గురువులకీ పెద్దలకీ పట్టే పళ్లెమే. కింద కూచుని అడగాలి. అతను పళ్లెం అందుకుంటే సరే. అందుకోకపోతే పళ్లు తిని ఇంటికి పోవాలి. నేను కూడా ఒకసారి పట్టేను, ఒక నక్కదయ్యం కోసం. తొమ్మిదో అంతస్తు, లిఫ్టు లేదు. పట్టేనా లేదా?

సత్యారావు మూడు రోజులై పట్టలేదు. అందుకని నేనే ఎదురెళ్లేను. చౌక్తడాలో పాతపుస్తకాల వీధి మలుపు దగ్గర టీకొట్టులో, చిన్న బల్ల ముందు, చిన్న స్టూలు మీద, పెద్ద రచయిత. జుట్టుకి కొత్తగా రంగేసుకున్నాడు. నుదుటిమీద కూడా కొంచెం అంటింది.

"ఏటి సత్తెం, బజార్లో అరటిపళ్లు కరువొచ్చినాయా?"

"నాకేటి తెల్సు. సుగరోణ్ణి."

"కొబ్బరికాయకి సుగర్లేదు కదా."

అర్థమైంది వాడికి. టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. పంచదార లేని టీ. ఏం కలుపుతున్నట్టు?

"ఒరే మంగా, సిన్నోడు పెద్దోడికి పళ్లెం పడితే మర్యాద. పెద్దోడు సిన్నోడికి పడితే దాన్ని మతిపోడం అంతారు. నాది ఎన్నేళ్ల సర్వీసో తెల్సా నీకు?"

"పోయినేడు పుస్తకంలో నలబై అయిదు. మొన్నటి పుస్తకంలో యాబై దాటిసింది. ఒక్కేడులో అయిదేళ్లు! నువ్వు పుట్టి యాబై ఎనిమిదే కదేటి?"

"ముందుమాటలో అంకె పాటకుల గౌరవం కోసం. వాళ్లు పెద్దోడి పుస్తకం సదివినట్టుంటాది." లేచి, నా భుజం తట్టి, "నువ్వు ఇయ్యలేదు. ఆవిడ అడిగింది. నాను రాసినాను. ఫోలోన్ బాగానే వొచ్చినాడు" అన్నాడు.

బాగానే వచ్చేట్ట!

ఇంటికొచ్చేదాకా వాడి ముందుమాటలోని అంకె ఒక్కటే చెవిలో తిరిగింది. యాభై దాటిసింది. యాభై దాటిసింది. లమ్మడా మార్కెట్టు దగ్గర రోడ్డు దాటుతూ మధ్యలో ఆగిపోయేను. టాక్సీవాడు హారను కొట్టేడు. వాడికేం తెలుసు, అక్కడ ఒక మహత్తరమైన ఆలోచన రోడ్డు దాటుతోందని.

నవంబరు 8

జరిగింది వరసగా రాస్తాను. తొందరలో ఏదీ పోకూడదు.

డిసెంబరు ఒకటి సాసోడో రోజు, రాతగాళ్ల పండగ. ప్రతి ఏడూ ఆ రోజున మా బొమ్మల కథల సంఘం డెబ్భై దాటిన రచయితల్ని వేదికమీద సోఫాల్లో కూచోబెడుతుంది. చిన్నవాళ్లంతా కింద మోకరిల్లి మూడేసిసార్లు షికో పెడతారు, అంటే నుదురు నేలకానించి దండం. పెద్దాయనకి ఒక దుప్పటి, ఒక మాల్టుపొడి డబ్బా, రక్తపోటు చూసుకునే యంత్రం. ఒక నర్సు కూడా వస్తుంది. ఎవరిని కూచోబెట్టాలో సభ్యులెవరైనా కాయితం నింపి ఇవ్వొచ్చు.

నింపేను. పేరు: ఊ తిస్సా. వయస్సు: డెబ్భై రెండు. సాహిత్యసేవ: యాభై ఏళ్లకు పైబడి. ఆధారం: ఆయన ముందుమాట. జెరాక్సు జతపరిచేను. విశేషములు: వినికిడి మందగించినది. మెట్లెక్కలేరు. ఇద్దరు చెరోపక్కా పట్టుకొనవలెను. మెత్తని ఆహారము.

సంఘానికి పేర్ల పట్టీ రాసేదీ బేనరు వేసేదీ సూరే. కాయితం చదివి వాడు రెండుసార్లు నన్నూ, ఒకసారి కాయితాన్నీ చూసేడు.

"సయా, ఆయనకి డెబ్బైరెండెక్కడివి?"

"ఆయన పుట్టినప్పుడు నువ్వక్కడున్నావా?"

"మా నాన్నే అప్పటికి పుట్టలేదు."

"మరింక నీకెలా తెలుసు? యాభై ఏళ్ల సర్వీసని ఆయనే అచ్చేయించుకున్నాడు. ఎనిమిదో ఏట మొదలెట్టేడంటావా? అచ్చులో ఉన్నదాన్ని అనుమానిస్తే మన వృత్తి ఏమైపోవాలిరా?"

వాడికి నవ్వాగలేదు. కాయితం మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు.

ఎంత అందమైన ఉచ్చో చూడు! వయసు తప్పు అన్నాడా, ముందుమాట అబద్ధమని ఒప్పుకున్నట్టే. ముందుమాట నిజమన్నాడా, దుప్పటి కప్పుకుని కూచోవాలి. రంగేసిన జుట్టుతో, మాల్టుపొడి డబ్బా ఒళ్లో పెట్టుకుని, నర్సు చెయ్యి పట్టుకుని!

నవంబరు 9

అన్నం తింటూ నవ్వేను. పొలమారింది. వీరలక్ష్మి నెత్తిమీద కొట్టింది. కొంచెం గట్టిగానే.

నవంబరు 13

పట్టీ వచ్చింది! బేనరు ఫోటో మా వాళ్లందరి ఫోన్లలో తిరుగుతోంది. వరసలో నాలుగో పేరు ఊ తిస్సా, డెబ్భై రెండు. పొద్దుట్నించి పదకొండుమంది ఫోన్ చేసేరు. అందరూ ఒకటే మాట: అంత పెద్దవారని అనుకోలేదు, ఎంత గట్టిగా ఉన్నారో! ఒక కుర్ర రచయిత్రి ఆయన ఆరోగ్యరహస్యం ఏమిటని ఆయన పేజీలోనే అడిగింది. నేను వేరే పేరుతో కింద రాసేను: జుట్టుకి నల్లమందు.

సత్యారావు కాదనలేదు! వీధి చివరిదాకా వెళ్లి మొహింగా రెండు గిన్నెలు తిన్నాను. ఇలాంటి రోజు చేపపులుసు కూడా తియ్యగా ఉంటుంది.

నవంబరు 16

ఇది రాయడం ఇష్టం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం కొట్టు దగ్గరికి సత్యారావు వచ్చేడు. చేతిలో కర్ర. చెవుల పక్క జుట్టు తెల్లగా ఉంది, రంగు కడిగేసుకున్నాడు. కనుబొమలకి మాత్రం బర్మావాళ్లు బుగ్గలకి పూసుకునే తనఖా గంధం రాసుకున్నాడని దగ్గరికొస్తే తెలిసింది. ఒక్కొక్క అడుగే వేస్తూ, దగ్గుతూ వచ్చి వీరలక్ష్మి స్టూలు మీద కూలబడ్డాడు.

"సెల్లెమ్మా, కొంచెం గట్టిగా మాట్లాడు. ఇనికిడి మందగించినాది."

"ఓలమ్మ, అన్నియ్యా! అదేటి అవతారం?"

"మీ ఆయన దయ. మెత్తటి ఆహారం ఏటైనా ఉందా?"

ఆ మనిషి వాడికి అరటిపండు పెట్టింది. మా ఇంటి అరటిపండు! నా దగ్గరికి వాడు తేవలసిన అరటిపండు, నా ఇంట్లోదే ఒలిచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఒరే మంగా" అన్నాడు నములుతూ, "సంగం రూలు సదివినావా? పేరు ప్రతిపాదించినోడే ముందుగా పళ్లెం పట్టాల. అందరికంటే ముందు. మైకులో నీ పేరు పిలుస్తారు. మోకాళ్లకి ఆవదం రాసుకో."

నేను చదవలేదు. కాయితం వెనకవైపు చిన్నక్షరాలు ఎవడు చదువుతాడు?

"ఇంకో ముక్క. నలుగుర్లో షికో పెట్టి పళ్లెం పట్టినోడు శిష్యుడు. శిష్యుడు పుట్టించిన మనిసిని రాయడానికి గురువు ఎవుర్నీ అడగక్కర్నేదు. ఇదీ మన మర్యాదే. నువ్వే కదా మొన్న మర్యాద గుర్తుసేసినావు."

లేచేడు. వీరలక్ష్మి పట్టుకోబోతే వద్దన్నాడు. దగ్గుతూ, కర్ర తాటిస్తూ మలుపుదాకా వెళ్లేడు. అక్కడ బస్సొచ్చింది. కర్ర చంకలో పెట్టి, లుంగీ ఎగ్గట్టి, పరుగెత్తి ఎక్కేడు. డెబ్భై రెండేళ్లవాడు!

వీరలక్ష్మి నవ్వుతోంది. ఇప్పటికీ నవ్వుతోంది. కిందనుంచి వినిపిస్తోంది.

నవంబరు 17

ఓరి నాయనో.

నవంబరు 20

పేరు వెనక్కి తీసుకుంటానని సూరికి ఫోన్ చేసేను. "సయా, బేనరు మీద మీ పేరు కూడా ఎర్రరంగులో రాసీసినాను. ప్రతిపాదించినవారు సయా మోజో అని. రంగు ఆరిపోయింది" అన్నాడు. వాడి వెనక ఎవరో నవ్వేరు. ఎవరని నేను అడగలేదు.

చౌక్తడా వెళ్లి డా న్వేయీ ఆఫీసులో కూచున్నాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఫోన్లొచ్చేక పుస్తకాలు కొనేవాళ్లు పోయేరు, నెలకి ఇరవై పుస్తకాలు వేసే మనిషి నాలుగు వేస్తోంది, ఆ నాలుగింట్లో ఒకటి ఫోలోన్. ఆవిడ బర్మాలోనే అంది, నేను తెలుగులో రాసుకుంటున్నాను.

"సయా, మీరే ఊ తిస్సాని గురువుగా నిలబెట్టేరని చూసి నా కళ్లు చెమర్చేయి. ఇన్నాళ్లూ మీ ఇద్దరికీ పడదనుకున్నాను. ఇంక నూరోదీ, దాని తరవాతవీ ఆయన రాయడంలో మీకు కష్టం ఉండదు కదా?"

దాని తరవాతవీ!

"నేను రాసిస్తే?"

"జూన్ నుంచీ అడుగుతున్నాను సయా. జూన్‌లో మే అన్నారు, జులైలో జూన్ అన్నారు." నిజంగా అన్నానో లేదో గుర్తులేదు, అనే ఉంటాను. "ఆయన పని ముగించి ఇచ్చేసేరు. మూడో తారీకున సూరి బొమ్మ మొదలెడతాడు. ఊ తిస్సా తన నోటితో వదులుకున్నానంటే వేరే సంగతి. మర్యాద తప్పి నేను ఆయన్ని అడగను."

వస్తూ మెట్లమీద కాసేపు కూచున్నాను. కోర్టు గుమాస్తాలు దాటుకుంటూ వెళ్లేరు. ఒకడు ఏం కేసు అన్నాడు. పిల్లాణ్ణి దత్తత తీసుకుపోతున్నారన్నాను. వాడు నిజమనుకుని లాయరు పేరు చెప్పేడు.

నవంబరు 22

కాయితం మడిచేను. ఎనిమిది గళ్లు. మొదటి గడిలో ఫోలోన్ని నిలబెట్టేను. ఏమీ అనలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

నవంబరు 23

అదే.

నవంబరు 27

జ్వరం వచ్చింది. వీరలక్ష్మి నుదురు ముట్టుకుని రాలేదంది.

"సాసోడో రోజుకి ముదిరేలా ఉంది. నువ్వే సంఘానికి కబురు పెట్టు."

"నాను పెట్టను. కొబ్బరికాయ కొనీసినాను. తొడిమతో దొరకడానికి మూడు కొట్లు తిరిగినాను."

"నీ మొగుడు నలుగుర్లో సత్యారావు కాళ్లదగ్గర పడితే నీకు బాగుంటాదా?"

ఆవిడ పాత పుస్తకానికి అట్ట అతుకుతోంది. తలెత్తలేదు. "మీకు జూన్ నుంచి కత రావడం నేదు. ఒక్క గడి నిండినేదు. ఆ ముక్క ఒక్కటి ఆ మడిసితో సెప్పుంటే, ఆయనే పళ్లెం తెచ్చుండును. దానికి డెబ్బైరెండేళ్లూ, జెరాక్సూ, జొరం!"

పాపం, రచన సంగతి ఆవిడకేం తెలుస్తుంది? అద్దెకిచ్చేవాళ్లకి రాసేవాళ్ల బాధ తెలియదు.

మూడు కొట్లు తిరిగిందట.

డిసెంబరు 1, ఆదివారం

ఎంత రోజు! ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియడం లేదు. కొబ్బరికాయ దగ్గర్నుంచి.

పొద్దున్నే స్నానం చేసి, మంచి లుంగీ, తెల్లచొక్కా వేసుకుని చూద్దును కదా, కొబ్బరికాయ రెండు చెక్కలై పళ్లెంలో ఉంది. వీరలక్ష్మి గుమ్మంలో కొట్టేసింది! శుభకార్యానికి బయల్దేరుతున్నాం కదా అని అమ్మవారికి దండం పెట్టి ఠప్పున కొట్టేసింది. మా అమ్మ కొట్టేది, వాళ్లమ్మ కొట్టేది, చెయ్యి ఆగలేదు. గడో పళ్లెంలో కాయ చిట్లకూడదు. తొడిమ ఊడితేనే తప్పు పడతారు, పగిలితే ఇంకేముంది! ఆదివారం, కొట్లు తెరవలేదు, టైము లేదు. రెండు చెక్కలూ దగ్గరికి నొక్కి రబ్బరుబేండు వేసి, అరటాకుతో పైన కప్పేను. టాక్సీలో ఇద్దరం చెరోపక్కా పట్టుకుని కూచున్నాం.

హాలు నిండిపోయింది. వేదికమీద అయిదు సోఫాలు. నాలుగింటిలో నిజమైన ముసలివాళ్లు, ఒకాయన అప్పటికే నిద్రపోయేడు. నాలుగో సోఫాలో సత్యారావు, తెల్లజుట్టు, ఒళ్లో డబ్బా, నర్సు చెయ్యి పట్టుకుని నాడి చూస్తోంది. వాడు కళ్లు మూసుకుని నాడి చూపిస్తున్నాడు. ఎంత బాగా చేస్తున్నాడో! నాకే నవ్వొచ్చింది. మనసులో చప్పట్లు కొట్టేను, ఆ ముక్క ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

మైకులో "సయా మోజో" అన్నారు. మొదటి వరసలో డా న్వేయీ లేచి నిలబడి ఫోన్ ఎత్తింది. మెట్లెక్కేను. పళ్లెం బరువు. రబ్బరుబేండు జారుతున్నట్టు చేతికి తెలుస్తూనే ఉంది. మోకరిల్లి వాడి ముందు దింపేను.

టప్.

రబ్బరుబేండు ఎగిరి నిద్రపోతున్న ముసలాయన చెంపకి తగిలింది. కొబ్బరిచెక్క ఒకటి దొర్లుకుంటూ వెళ్లి సత్యారావు పాదం దగ్గర ఆగింది, తెల్లగా, నోరు తెరుచుకుని. హాలంతా హా అంది. బర్మావాళ్లకి అదెంత అపశకునమో నాకు తెలుసు. నేను మోకాళ్లమీదే ఉండిపోయేను. ఒక్కమాట చాలు వాడికి! నన్ను అవమానించడానికి కొబ్బరికాయ పగలగొట్టి తెచ్చేడని అంటే, ఈ జన్మకి ఇంక ఎవడూ నా మడత ముట్టుకోడు.

సత్యారావు వంగేడు. నర్సుని తప్పించి, చెక్క రెండు చేతుల్తో తీసి కళ్లకద్దుకున్నాడు. మైకు అడిగేడు. బర్మాలో, ముసలివాడి గొంతుతో అన్నాడు: "మేం సముద్రపుటొడ్డు మనుషులం, మా తాతలు ఈ రేవులో బస్తాలు మోసేటప్పుడు తెచ్చుకున్న ఆచారం ఇది. మనిషికైతే కాయ ఉంచుతాం. దేవుడికైతే కొడతాం. మోజో నన్ను దేవుణ్ణి చేసేడు. ఇది నేను ఎక్కువనుకుంటాను, అయినా తీసుకుంటాను."

చప్పట్లు! అంత చప్పట్లు ఆ హాల్లో ఎప్పుడూ పడలేదు. వాడు కొబ్బరి కొరికేడు కూడా.

నేను షికో పెట్టేను. ఒకటి. రెండు. మూడోదానికి తల నేలకానించేక పైకి లేవలేదు. సిమెంటు చల్లగా ఉంది. అప్పుడు వాడు నా చెవి దగ్గరికి వంగి, తెలుగులో, ఎవరికీ వినిపించకుండా అన్నాడు: "ఒరే మంగా, ఫోలోన్ నీవోడే. నూరోది నువ్వే రాయి."

నేను తలెత్తేసరికి నిటారుగా కూచుని, అందరికీ వినిపించేలా ఆయురారోగ్యాల దీవెన చదువుతున్నాడు.

వీరలక్ష్మి కళ్లు తుడుచుకుంటోంది. కొబ్బరికాయ కోసమో నాకోసమో అడగలేదు.

డిసెంబరు 2

తలుపు తెరిచేసరికే డా న్వేయీ ఆఫీసులో ఉన్నాను. ఊ తిస్సా నూరో పుస్తకం నాకు వదిలేసేరు, వేదికమీద, పళ్లెం అందుకుని, తన నోటితో, అని చెప్పేను. పళ్లెం అందుకున్న పెద్ద ఆ సోఫాలో కూచుని అన్న మాట వెనక్కి తీసుకోడానికి లేదు. ఆవిడకీ తెలుసు.

"నేను మొదటి వరసలోనే ఉన్నాను సయా. నాకు వినబడలేదే."

"తెలుగులో అన్నారు. చెవిలో."

ఆవిడ నావంక చూసింది. నేను కొబ్బరిచెక్కంత అమాయకంగా కూచున్నాను. ఫోన్ తీసి నంబరు నొక్కి, నాక్కూడా వినబడేలా బల్లమీద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు.

"సయాజీ, క్షమించండి. నిన్న వేదికమీద ఫోలోన్ని సయా మోజోకి వదిలేసినట్టు మీరన్నారా?"

లైను పోయిందేమో అనుకున్నాను. బస్సువాడెవడో అరుస్తున్నాడు, అది వినిపిస్తోంది. మా కింద బస్సో, ఫోన్లో అటువైపు బస్సో.

"ఆ" అన్నాడు సత్యారావు. "అన్నాను."

"మీరు ఎనభై పేజీలు రాసిచ్చేరు కదా సయాజీ?"

"రాసేను. చెయ్యి తిరగడానికి పనికొచ్చేయి. శిష్యుడు పళ్లెం పట్టి దేవుడన్నాక గురువు ఏదో ఒకటి ఇవ్వాలి కదమ్మా. సరిగ్గా ఏ మాటలతో ఇచ్చేనో వాణ్ణే అడగండి. నాకంటే వాడికే బాగా గుర్తుంటుంది." అని, తెలుగులోకి తిరిగి, "ఏరా మంగా, అక్కడే ఉన్నావా? ఇరవయ్యో తారీకులోపల ఇయ్యకపోతే దేవుడు మళ్లీ దిగుతాడు" అన్నాడు.

పెట్టేసేడు.

ఇరవయ్యో తారీకు! నూరోది నాది! టాక్సీ ఎక్కకుండా లమ్మడాదాకా నడిచేను. నడిచేనా, దాదాపు పరిగెత్తేను.

డిసెంబరు 3

ఫోలోన్ మాట్లాడేడు! సైకా ఎక్కిన మనిషిని వెనక్కి తిరిగి చూసి, "అయ్యా, తమరు చచ్చిపోయినవారేనా?" అన్నాడు. "లేదు, నన్ను పట్టీలో రాసేసేరు" అన్నాడు వాడు. బతికున్నవాణ్ణి గిట్టనివాడెవడో దయ్యాల పట్టీలోకి ఎక్కించేడు. ఫోలోన్‌కి ఇప్పుడు ఎవరికి భయపడాలో తెలియదు!

పద్నాలుగు పేజీలు. లుంగీలు ఆరేసుకోమన్నాను, కుర్చీ అక్కర్లేదు, నేలమీదే బాగుంది.

డిసెంబరు 6

నలభై ఒకటి.

డిసెంబరు 9

అరవై రెండు పేజీలయేయి. మధ్యాహ్నం సూరి వచ్చి సత్యారావు మడతలు ఇచ్చి వెళ్లేడు. "ఆయన చింపీమన్నాడు సయా, నాకు చేతులు రానేదు" అన్నాడు. చదవకూడదనుకున్నాను. కిటికీ దగ్గర నిలబడే మొత్తం చదివేను. బాగున్నాయి. కొన్ని చోట్ల నాకంటే బాగున్నాయి. ముప్పయ్యో పేజీలో ఫోలోన్ దయ్యానికి గొడుగు పడతాడు, వాన ఎలాగూ దయ్యంలోంచి దూరి పడుతూనే ఉంటుంది, అయినా పడతాడు. పద్నాలుగేళ్లలో నాకది తట్టలేదు.

వీరలక్ష్మి కొట్లో ఉంది. కరెంటు లేదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఒకటో తారీకున ఇందులో అబద్ధం రాసేను. ఫోలోన్ నీవోడే అని సత్యారావు అనలేదు. నూరోది నువ్వే రాయమనీ అనలేదు. నేను తల నేలకానించి లేవలేకపోతే, చెవి దగ్గరికి వంగి, "లెగరా మంగా, పోటో అయిపోనాది" అన్నాడు. అంతే అన్నాడు. మిగతాది ఇంటికొచ్చి ఈ కలంతో నేనే కల్పించేను. రాసేక చదువుకుంటే అన్నట్టే అనిపించింది. మర్నాడు వెళ్లి డా న్వేయీకి చెప్పేను. ఆవిడ వాణ్ణి అడిగింది. వాడు అన్నానన్నాడు.